కోల్డ్ స్టోరేజీలో పెట్టిన ఆట

సత్తెనపల్లిలో గేమ్ స్టూడియో ఉండేదంటే హైదరాబాద్‌లో మా ఫ్రెండ్స్ ఎవరూ నమ్మరు. 'చేను కాపలా' అనే ఫోన్ గేమ్ చేసింది ఆ స్టూడియో వాళ్ళే! పత్తిచేలో పడే అడవిపందుల్ని తరమాలి, స్కూల్లో పిచ్చిపిచ్చిగా ఆడేవాళ్ళం. స్టూడియో మూతపడి ఏళ్ళయింది, అయినా కోడ్ దొరికితే కొత్త ఫోన్లకి నేనే మళ్ళీ చేసేద్దామని బస్సెక్కి వచ్చేశా.

స్టూడియో పెట్టిన అయూబ్ గారు ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. అడగ్గానే హార్డ్ డిస్కులు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. అన్నీ తుప్పే.

"ఏమైందండీ ఇలా?"

"ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు మా అక్క గుల్షన్ అంది, మన ఎండలకి ఇంట్లో పెడితే పాడైపోతాయిరా అని. ఇక్కడైతే మిరపకాయకి రంగు కూడా మారదు కదా. గోనెసంచిలో కట్టి మిర్చి టిక్కీ బస్తాల మధ్య పెట్టేశాం."

"చెమ్మ పడుతుంది కదండీ!"

"బొమ్మలు గీసింది తను, ప్రోగ్రాం రాసింది నేను. ఇద్దరికీ తట్టలా. అంత తెలివైనోళ్ళం."

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

"ఇంకో కాపీ ఎక్కడైనా?"

"లేదమ్మా."

నా పాత ఫోన్లో ఆట ఇంకా ఉంది. దాన్లోంచి కోడ్ రాదు గానీ ఆడుకోవచ్చు. తెరిచి ఆయన చేతికిచ్చా. పందులొచ్చాయి. ఆయన ఒక్కదాన్ని కూడా తరమలేదు, అవి చేనంతా తినేదాకా చూస్తూ కూర్చున్నారు.

"ఎవరు చేశారో గానీ బాగా చేశారు" అని ఫోన్ నాకిచ్చేసి, బయట లారీ వచ్చిందని లేచారు.