పెద్దాయన పరామర్శ

ఇంటి ముందు కల్లం నిండా ఎరుపు.

ఎండకి మిరపకాయలు గలగలమంటున్నాయి. గాలి వీస్తే ఘాటు. వీచకపోయినా ఘాటే.

రమణమ్మకి ఆ ఘాటు అంటదు. ముప్పయ్యేళ్ళుగా కాయ కోసి, ఆరబోసి, తెల్లబడ్డ తాలుకాయ ఏరిన మనిషి. కళ్ళు ఏనాడో రాటుదేలిపోయాయి. కానీ తొమ్మిది రోజులుగా ఆ కళ్ళు తడారనే లేదు. ఆర్మీలో ఉన్న పెద్దకొడుకు నాగచైతన్య సరిహద్దులో షెల్లు పడి చనిపోయాడు. పెట్టెలో వచ్చాడు. పెట్టె తెరవొద్దన్నారు.

తెరవలేదు...

చావొచ్చిందని పంట ఆగదు. కాయ కల్లానికొచ్చింది. ఆరబోశారు. ఆరబోస్తూ ఏడ్చారు.

ఇప్పుడామెకి మిగిలింది చిన్నాడు లక్ష్మీకాంత్. వాడూ తెల్లవారుజామునే లేచి కాలవకట్ట మీద పరుగు తీస్తాడు, ఆర్మీ సెలెక్షన్ల కోసం. అన్న పోయిన నాలుగోరోజే మళ్ళీ మొదలుపెట్టాడు. రమణమ్మకి దేశం మీద కోపం లేదు. దేవుడి మీద కూడా లేదు. వీడొక్కడూ ఇంటిపట్టున ఉంటే చాలు, ఇంకేమీ అడగను అనుకుంది.

అంతలో పార్టీ పెద్దాయన పరామర్శకి వస్తున్నాడన్నారు.

ఆయన మనుషులు పొద్దున్నే దిగారు. ఒకడు రమణమ్మ దగ్గరికొచ్చి, చీర మార్చుకోవద్దు, ఈ నలిగిన చీరే బాగుంది, సార్ రాగానే ఆయన కాళ్ళ దగ్గర పడి ఏడవాలి అని చెప్పి వెళ్ళాడు. మిగతావాళ్ళు కార్లకి జాగా కావాలని ఆరిన కాయని పారలతో మూలకి నెట్టారు. కాయ విరుగుతుందండీ, కాస్త మెల్లగా అని ఆమె భర్త యలమంద బతిమాలాడు. కొడుకునే ఇచ్చినోడివి, కాయకి ఏడుస్తావేంటి బాబాయ్ అన్నాడొకడు, నవ్వుతూ.

నవ్వుతూ!

సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. పెద్దాయన నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. చనిపోయినవాడు ఆయన మోచేతి కింద, పోస్టుకార్డంత.

కార్లొచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు — ఇరవై. టైర్ల కింద కాయ నలిగింది. ఎర్రటి పొడి లేచింది. దిగినవాళ్ళందరూ తుమ్మారు. పెద్దాయనా తుమ్మాడు. ముక్కు కారింది. కళ్ళు కారాయి.

కెమెరాలు పరుగెత్తాయి.

పెద్దాయన కంటతడి పెట్టారు అని మైకు పట్టుకున్న అమ్మాయి అరిచింది. ఆయన రుమాలు తీశాడు. తీసి — తుడుచుకోలేదు. కెమెరా తనవైపు తిరిగేదాకా ఆగాడు. రమణమ్మ చూస్తూనే ఉంది. దుఃఖానికి కారే నీరేదో, కారానికి కారే నీరేదో ఆమెకి ఇంకొకరు చెప్పాలా?

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మెత్తటి చెయ్యి. ఆమె చెయ్యి పట్టుకుని కెమెరా వైపు చూశాడు. చైతన్యకుమార్ త్యాగం అన్నాడు. పక్కవాడు చెవిలో ఏదో చెప్పాడు. నాగచైతన్య త్యాగం అన్నాడు.

ఛీ.

తర్వాత లక్ష్మీకాంత్ భుజమ్మీద చెయ్యేశాడు. ఈ తల్లి రెండో బిడ్డని కూడా సరిహద్దుకి పంపిస్తానంటోంది, ఇదీ మన పల్నాటి మట్టికున్న పౌరుషం అని మైకులో ప్రకటించాడు. ఆమె అనలేదు. ఆమెనెవరూ అడగలేదు. ఆయన కొడుకులిద్దరూ ఎక్కడ ఏ వ్యాపారాలు చేసుకుంటున్నారో ఊరందరికీ తెలుసు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు దొరికిందని ఇంకొకడు సంతోషించాడట. ఈయన ఆ నిప్పుని ఆరిపోనివ్వడు కూడా.

లక్ష్మీకాంత్ ఛాతీ విరుచుకున్నాడు. వాడి కళ్ళల్లో మెరుపు...

ఆ మెరుపు తల్లికి కొత్త కాదు. పెద్దోడి కళ్ళల్లోనూ ఇలాగే చూసింది. అప్పుడు మురిసిపోయింది.

పెద్దాయన బయల్దేరబోయాడు.

చావింటికి పరామర్శకొచ్చినవాళ్ళు చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. వస్తానని పొరపాటున కూడా అనరు. అంటే, ఆ గడపకి ఇంకో చావుని పిలిచినట్టే. అడుక్కునేవాడు కూడా ఆ గడప ముందు ఆ మాట అనడు.

ఆయన చేతులు జోడించాడు.

"మళ్ళీ వస్తానమ్మా."

అరుగు మీది ముసలమ్మలు నోళ్ళు నొక్కుకున్నారు. యలమంద తల దించుకున్నాడు.

అప్పుడు రమణమ్మ నోరు విప్పింది.

"రావద్దండి."

ఆయనకి అర్థం కాలేదు. మొహమాటమనుకున్నాడు. మైకుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"అంత మాటనకమ్మా. తప్పకుండా వస్తాను. అందరి ముందూ మాటిస్తున్నాను."

అందరికన్నా ముందు లక్ష్మీకాంత్ చప్పట్లు కొట్టాడు.

రమణమ్మ వాడి రెండు చేతులూ ఒడిసి పట్టుకుంది. వదులమ్మా, అందరూ చూస్తున్నారు అని వాడు గింజుకున్నాడు. చుట్టూ చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. ఆమె వదల్లేదు.