అయ్యగారు అడిగిన మాట

ఆదివారం ఆరాధనలో ప్రసంగం అయిపోయాక, కానుకలు పట్టే ముందు, ఒక చిన్న పని ఉంటుంది. పాస్టరు అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, ఫలానావారి కుమారునికీ ఫలానావారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైందనీ, దీనికి ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయవచ్చుననీ చదువుతారు. వరుసగా మూడు ఆదివారాలు ఇలా ప్రకటిస్తే గాని లూథరన్ సంఘంలో పెళ్ళి జరగదు. కోట అనే ఊరికి తూర్పున, సముద్రపు గాలి తగిలే ఒక పల్లెలోనూ ఇదే పద్ధతి. ఆ చదువుతున్న కాసేపట్లో తల్లులు నిద్రపోయిన పిల్లలను తట్టి లేపుతారు, మగవాళ్ళు పైపంచెలు దులుపుకుంటారు, వెనక కూర్చున్నవాళ్ళు ఎండ ఎంతవరకు వచ్చిందో కిటికీలోంచి చూసుకుంటారు. అభ్యంతరమని లేచి నిలబడ్డవాడు ఆ సంఘం పుట్టిన తరవాత ఒక్కడూ లేడు.

ఇందులో తప్పేముందని చదువరులు అడగవచ్చు. తప్పు ఇదీ: ఆ ప్రశ్న సంఘంలో అందరికీ వినబడుతుంది, పెళ్ళికూతురికి తప్ప. తన పెళ్ళి ప్రకటన తాను వినే పిల్ల సిగ్గులేనిదని పేరు పడుతుంది కనక, ఆ మూడు వారాలూ ఆమె గుడికి రాదు. ఇక పెళ్ళినాడు, ఈ వరుడు నీకు సమ్మతమేనా అని అయ్యగారు అడిగినప్పుడు, వెనక నిలబడ్డ మేనత్తో పెద్దమ్మో ఆమె తలమీద చెయ్యి వేసి కిందికి వంచుతుంది. ముసుగు కదులుతుంది. ఆ కదలికనే సమ్మతం కింద జమకట్టి తాళి కట్టించేవారు. నోరు తెరిచి చెప్పిన పిల్ల ఉంటే ఊరి ఆడవాళ్ళకు ఆ ఏడాదికి సరిపడా కబుర్లు దొరికేవి.

క్రీస్తుదాసు అయ్యగారు 1957లో ఆ సంఘానికి వచ్చారు. ఆయన గొప్ప ప్రసంగీకుడేమీ కాదు. ఆయన వాక్యం ఎత్తుకుంటే గుడిలో దోమలు కూడా కునుకు తీస్తాయని కుర్రవాళ్ళు వేళాకోళం చేసేవారు. కీర్తన పాడితే శ్రుతి ఒక దారి, ఆయన ఒక దారి. కాని ఆయన ఇంటి వసారాలో ఒక బల్ల ఉండేది. దానిమీద వచ్చి కూర్చున్నవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు కాస్త తేలికపడి వెళ్ళేవారు. అత్తాకోడళ్ళ పోట్లాటలు, అన్నదమ్ముల గట్టు తగాదాలు, తాగుడు మానలేనివాళ్ళ ఏడుపులు అన్నీ అక్కడికి చేరేవి. సంఘం కానివాళ్ళు కూడా వచ్చేవారు. ఆయన సలహాలు చెప్పింది తక్కువ, విన్నది ఎక్కువ.

ఆ సంఘానికి పెద్ద తిమోతి. వేరుశెనగ చేను, ఒక జత ఎద్దులు, మాట మీద నిలబడతాడన్న పేరు ఆయన ఆస్తి. భార్యకు బాప్తిస్మంలో మార్తమ్మ అని పేరు పెట్టినా ఊరంతా పాత పేరుతో చెంచమ్మ అనే పిలిచేది. వారికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదైన రెబెక్కమ్మను వాకాడు దగ్గర బడిపంతులుగా ఉన్న దావీదుకిచ్చి 1958లో పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి జరిపించింది క్రీస్తుదాసు అయ్యగారే.

రెండేళ్ళు తిరక్కుండా రెబెక్కమ్మ గుడ్డల మూట పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. బుద్ధి చెప్పమని తిమోతి ఆమెను తీసుకువచ్చి ఆ బల్లమీద కూర్చోబెట్టి వెళ్ళాడు. కొడతాడా అని అయ్యగారు అడిగారు. కొట్టడు. తాగుతాడా? తాగడు. తిండికి తక్కువా? కాదు.

“ఆయన మంచోడేనయ్యా,” అంది రెబెక్కమ్మ. “ఇద్దరం రైలుపెట్టెలో ఎదురెదురుగా కూర్చున్నట్టుండాం. ఆయన దిగే స్టేషను ఆయనది, నేను దిగేది నాది.”

పెళ్ళినాడు దేవుని ముందర ఒప్పుకున్నావు కదమ్మా అని అయ్యగారు మెల్లిగా గుర్తుచేశారు.

“నేనెప్పుడు ఒప్పుకున్నాను? మా మేనత్త తల వంచింది. మీరు చూస్తానే ఉంటిరి.”

నిజమే, ఆయన చూశారు. ఆ పెళ్ళిలోనే కాదు, తాను జరిపించిన ప్రతి పెళ్ళిలోనూ ఆ చెయ్యిని చూశారు. తరవాత దావీదును పిలిపించి మాట్లాడితే అతని సంగతీ అంతే. మా నాయన మాటిచ్చేసినాడు, వచ్చి తాళి కట్టినాను అన్నాడు. అయ్యగారు వారిద్దరినీ విడివిడిగానూ కలిపీ చాలాకాలం కూర్చోబెట్టుకున్నారు. చివరికి రెబెక్కమ్మ తిరిగి కాపురానికి వెళ్ళింది. ఆ కాపురం నిలబడింది గాని, పచ్చగా చిగిర్చిందని చెబితే అబద్ధమవుతుంది. పగిలిన కుండకు లక్క పూయవచ్చు, నీళ్ళు నిలుస్తాయి, అంతే.

ఆ తరవాత అయ్యగారు సంఘ పెద్దలను పిలిచి ఒక మాట చెప్పారు. ఇకమీదట మొదటి ప్రకటన చదివేముందు పిల్లవాణ్ణీ పిల్లనూ తాను విడిగా అడుగుతారు. పిల్లను అడిగేటప్పుడు తన భార్య ఎలిశబెతమ్మగారు పక్కన ఉంటారు. వాళ్ళ నోటితో సరే అంటేనే చదువుతారు. పెద్దలంతా మంచిదే అని తలలూపారు. ఎదుటివాడి ఇంటికి పెట్టిన కట్టడి ఎప్పుడూ మంచిదే.

అది మొదట వచ్చి తగిలింది తిమోతి గడపకే. 1961లో చిన్నకూతురు ఏసుమణిని తన అక్క కొడుకు హెబ్రోనుకు ఇస్తానని తిమోతి మాట ఇచ్చాడు. హెబ్రోను గూడూరులో రైసుమిల్లులో పని చేస్తున్నాడు, ఒక్క చెడ్డ అలవాటు లేదు. అయ్యగారు పిల్లను అడగాలనేసరికి తిమోతి ముఖం మాడ్చుకున్నాడు. అడగండి, నా బిడ్డ నా మాట దాటదు అన్నాడు.

నిజంగానే దాటలేదు. వసారా బల్లమీద తలవంచుకుని కూర్చుని, “మా నాయన ఇష్టం,” అంది ఏసుమణి. మీ నాయన ఇష్టం మీ నాయన చెప్పినాడమ్మా, నీది చెప్పు అన్నారు అయ్యగారు. ఆ పిల్ల చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

తనకు జవాబు రాలేదనీ, ప్రకటన చదవలేననీ అయ్యగారు తిమోతితో చెప్పారు.

“మౌనం అర్ధాంగీకారమన్నారు గదయ్యా,” అన్నాడు తిమోతి.

“సగం అంగీకారానికి సగం పెండ్లే చేయగలను, తిమోతీ. మీ పిల్ల సంఘం ముందర విశ్వాసం ఒప్పుకున్న కన్ఫర్మేషను నాడు నేను ప్రశ్న వేస్తే, మా నాయన నమ్మినాడు గనక నేనూ నమ్మినానని చెప్పనిచ్చినావా? సొంత నోటితో చెప్పాలని రోజూ దీపం దగ్గర కూర్చోబెట్టి నేర్పినావే. దేవుడికి ఇచ్చే జవాబు సొంతది కావాల. మొగుడితో బతికే బతుక్కు అక్కర్లేదా?”

తిమోతి విసురుగా లేచి వెళ్ళిపోయాడు. జవాబు తోచనివాడికి కోపం వస్తుంది. ఈ అయ్యగారు ఇంటింటా చిచ్చు పెడుతున్నాడని పైవాళ్ళకు ఫిర్యాదు వెళ్ళింది. బదిలీ ఖాయమన్నారు. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుని పేర తీసిపెట్టి గుడికి తేవడం ఆ సంఘం ఆడవాళ్ళ అలవాటు. ఆ బియ్యంలోనే అయ్యగారి ఇంటి గ్రాసం ఉండేది. తిమోతి ఉన్న వీధినుంచి ఆ పిడికెళ్ళు రావడం ఆగిపోయింది. ఎలిశబెతమ్మగారు జావ కాచారు.

ఏసుమణికి ఇదంతా తెలిసింది. తనమూలంగా అయ్యగారి ఇంట జావ తాగుతున్నారన్న సంగతి ఆ పిల్ల మనసులో ముల్లయి కూర్చుంది. ఒక మధ్యాహ్నం కొంగులో బియ్యం కట్టుకుని వచ్చి, అమ్మగారి చేటలో పోసి, వెళ్ళిపోయింది. మరోసారి వచ్చినప్పుడు కాసేపు కూర్చుంది. అమ్మగారు ఏమీ అడగలేదు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండిపోయారు. తరవాత వచ్చినప్పుడు తనే చెప్పింది. హెబ్రోను బావంటే అయిష్టం లేదట. తనకు నర్సు పని నేర్చుకోవాలని ఉందట. కాన్పులో పోయిన చిన్నత్తను చూసినప్పటినుంచీ ఆ కోరిక ఉందట. పెళ్ళి జరిగితే అదిక కుదరదు.

ఈ మాట మా నాయనకు మీరే చెప్పండయ్యా అని అయ్యగారిని బతిమాలింది.

“నీ మాట నేను చెబితే అది మళ్ళీ నా మాటే అవుతుందమ్మా. ఇన్నాళ్ళూ మీ నాయన నీ తరఫున మాట్లాడినాడు, ఇప్పుడు నేను మాట్లాడితే ఏం మారినట్టు? నువ్వే చెప్పు. నేను వచ్చి పక్కన కూర్చుంటాను.”

అన్నట్టే ఆ సాయంత్రం వెళ్ళి తిమోతి పంచలో కూర్చున్నారు. రమ్మన్నవాళ్ళు లేరు, మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళూ లేరు. ఏసుమణి తలుపు పట్టుకుని నిలబడింది.

“నాయనా, నాకు ఇప్పుడు పెండ్లి వద్దు. నర్సు ట్రైనింగుకు పోతాను. నువ్వు బలవంతాన చేస్తే వచ్చి నిలబడతాను. సమ్మతమని మాత్రం చెప్పను. దేవుని ముందర అబద్ధం ఆడలేను.”

తిమోతి కూతురివైపు చూడలేదు, అయ్యగారివైపు చూశాడు. మీరు నేర్పించిన పాఠమే గదా అన్నాడు. అప్పుడు చెంచమ్మ వంటింట్లోంచి వచ్చి కూతురి పక్కన నిలబడింది. ఆమె మగవాళ్ళ మధ్య మాట్లాడగా అంతవరకు ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

“నన్ను కూడా ఎవురూ అడగలా,” అంది.

“నీకేం తక్కువ చేసినా నేను?”

“చేసినావని నేననలా. అడగలేదంటా ఉండా. ఆ రోజు మా పెద్దమ్మ నా తల వంచింది. యాడికి పోతా ఉండానో, ఎవురితో పోతా ఉండానో నాకు తెలీదు. మన పెద్దదాని తల వంచమని మీ చెల్లెలికి చెప్పింది నేనే. అది మూట పట్టుకోని వచ్చిన దినం నా పేగులు కాలినాయి. చిన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను.”

ఇరవయ్యేళ్ళకు పైగా కాపురం చేసిన మనిషి మనసులో ఏముందో తిమోతికి ఇవాళ తెలిసింది. ఆయన చెడ్డవాడు కాదు. భార్యాబిడ్డల కడుపు చల్లగా ఉంటే చాలుననుకున్న కోట్లాది మంచివాళ్ళలో ఒకడు. చివరికి లేచి, మా అక్కకు నేనే పోయి చెబుతాలే అని, కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్ళాడు.

ఆ అక్క మూడేళ్ళపాటు తమ్ముడి గడప తొక్కలేదు. హెబ్రోను మరుసటి ఏడు మనుబోలు పిల్లను చేసుకుని హాయిగానే ఉన్నాడు. ఏసుమణి ట్రైనింగు ముగించి ఆస్పత్రిలో చేరింది. చేతనైనంతమంది తల్లులను కాపాడింది. తనకు నచ్చిన కాలంలో, తాను ఒప్పుకున్న మనిషిని చేసుకుంది. అయ్యగారికి అనుకున్నట్టే బదిలీ అయింది. ఆయన దాన్ని గురించి ఒక్కనాడూ నొచ్చుకోలేదు.

1967లో క్రీస్తుదాసు అయ్యగారు గుండెనొప్పితో కాలం చేశారు. ఆయనను తలుచుకునేందుకు ఆ పల్లె గుడిలో కూటం పెట్టారు. ఆయన భక్తిని గురించీ ఓర్పును గురించీ చాలామంది మాట్లాడారు. అటువంటి సభల్లో అటువంటి మాటలే ఉంటాయి. ఆఖరున తిమోతి లేచాడు. అప్పటికి ఆయన జుట్టు నెరిసింది.

“ఆయన ప్రసంగాలు ఒక్కటీ నాకు గుర్తులేదు,” అని మొదలుపెట్టాడు. కొందరు నవ్వారు. “నా బిడ్డల్ని నేను ప్రేమించలేదా అంటే ప్రేమించినాను. కానీ కొత్త ఎద్దును కొన్నా కాడికి ఒప్పుకుంటదో లేదో రెండు సాళ్ళు తోలి చూస్తామే, బిడ్డకు ఆ పాటి మర్యాద నేనియ్యలేదు. తల వంచితే చాలనుకున్నాను. అయ్యగారు ఒక్కడే నిలబడి అడిగినాడు. మా వీధి బియ్యం ఆగిపోయినా, బదిలీ తప్పదన్నా, జవాబు వచ్చిందాకా కాచుకున్నాడు. మీ ఇండ్లల్లో ఎదిగిన బిడ్డలుండారు. ఊరందరినీ పెండ్లికి పిలిచే ముందు ఆ బిడ్డను పిలిచి అడగండి. అడిగి లేచి పోబాకండి, చెప్పిందాకా కూర్చోండి.”