ఎర్ర ముద్ర

ప్రసూతి భత్యం కిటికీ వెనక కూర్చోవడం నాకిది పదకొండో ఏడు. కడుపుతో కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. ఎనిమిదో నెల. కాళ్లు వాచి చెప్పులు పట్టక బల్ల కింద విప్పేస్తున్నాను.

కిటికీ అవతల నిలబడేవాళ్లవీ నాలాంటి పొట్టలే. "అక్కా, కాస్త చూడక్కా" అని బతిమాలతారు. నేను చూసేది కాగితాలే. డాక్టరు చీటీ, పనిచేసే చోటి నుంచి ఉత్తరం, రెండు ఫొటోలు. ఒక్కటి తక్కువైనా ఎర్ర ముద్ర కొట్టి వెనక్కి పంపేస్తాను. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలంటే నెల ఆగాలి. ఏడ్చినా అంతే, అరిచినా అంతే. రూలు నేను పెట్టానా?

మా ఆఫీసులో ఇంకో కిటికీ లేదు. అందుకే నా దరఖాస్తునూ అదే ట్రేలో వేశాను. సాయంత్రానికి నడుము పడిపోయింది. మిగిలిన కట్టంతా ఒక్క ఊపున చూసేసి ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు మా సూపర్‌వైజరు పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. నా దరఖాస్తే. దాని మీద ఎర్ర ముద్ర. కింద నా చేతిరాతే: "పనిచేసే చోటి నుంచి ఉత్తరం లేదు."

"ఆ ఉత్తరం ఇవ్వాల్సింది నేనే కదమ్మా! ఒక్క మాట అడిగితే రాసిచ్చేవాణ్ని. ఇప్పుడు నెల ఆగాల్సిందే."

రోజూ నేను చెప్పే మాటే అది.

"ముద్ర కొట్టేటప్పుడు కనీసం పేరైనా చూడలేదా?"

"పేర్లు చూడటం మానేసి చాలా ఏళ్లయింది సార్."