పదమూడో ఆకు

1971 మే పదహారు, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. రాజోలులో ఒక పెళ్ళిపందిట్లో, మొదటి బంతిలో, పదమూడో ఆకు మీద రెండు గరిటల నెయ్యి పడింది. ఒకటే పడాలి.

నేను ఒక ఇత్తడి నేతి గరిటను. ఆ నెయ్యి పోసింది నాతోనే.

నన్ను అజ్జరంలో పోతపోశారు. నన్ను చేయించుకున్న చయనులు గారు కంచరిని అడిగింది ఒక్కటే. "చూడు నాయనా, ఎన్నిసార్లు ముంచినా ఒకేలా రావాలి. పిడి ఎలా ఉన్నా ఫర్వాలేదు." కంచరి నన్ను మూడుసార్లు కరిగించి మళ్ళీ పోశాడు.

చయనులు గారు కోనసీమ పెళ్ళిళ్ళలో వడ్డన చేసేవారు. పప్పూ కూరలూ ఎవరైనా వడ్డించవచ్చు. నెయ్యి మాత్రం ఆయనే. అది పడేదాకా ఎవరూ అన్నం కలపరు. చివరి ఆకు దాకా పడితేగాని బంతిలో పెద్దాయన ఔపోశనం పట్టి భోజనం మొదలుపెట్టరు. మారు అడగడం ఆ తర్వాతే. బస్సు దగ్గర ఒకరినొకరు తోసుకునే మనుషులు, ఆకలితో, ఎదురుగా వేడన్నం పెట్టుకుని, చివర కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఆగుతారు. ఇది నేను కొన్ని వందల పెళ్ళిళ్ళలో చూశాను.

ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వడ్డిస్తే వలపక్షం అంటారు. ఆ మాట పడ్డ మనిషిని మళ్ళీ నేతి గిన్నె ముట్టుకోనివ్వరు. ఆ పెళ్ళి నాటికి ఇరవై రెండేళ్ళ వడ్డనలో చయనులు గారి మీద ఆ మాట పడలేదు.

ఇప్పుడు నేను ఆయన మనవరాలి ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్నాను. నెలకోసారి తోముతారు. బల్ల మీద ఎవరి కంచంలో వాళ్ళే వడ్డించుకుంటారు.

రాజోలు పెళ్ళి రోజు పొద్దున పెళ్ళికూతురి తండ్రి లక్ష్మీపతి గారు చయనులు గారిని పక్కకి పిలిచారు. "పెళ్ళికొడుకు మేనమామ విస్సన్న గారని ఉన్నారు. ఆయన్ని కాస్త చూసుకోవయ్యా. ముక్కు మీద కోపం."

పదమూడో ఆకు విస్సన్న గారిదే. "ఏంటోయ్, కంట్లో మందు వేసినట్టు పోస్తున్నావ్? ఇంకోటి వెయ్యి. మగపెళ్ళివారం!"

చయనులు గారు వేశారు.

పద్నాలుగో ఆకు ముందు బడిపంతులు సూరన్న గారున్నారు. "ఏమయ్యా చయనులూ, ఆ బంతి అక్కడితో అయిపోయిందా? నా దగ్గర్నుంచి ఇంకో బంతా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. చయనులు గారు మొదటి ఆకు దగ్గరికి వెళ్ళారు. ఆ పన్నెండు ఆకుల మీదా రెండో గరిట పోశారు. పద్నాలుగు నుంచి ఆకుకు రెండేసి పోస్తూ వచ్చారు. ముప్పై ఒకటో ఆకుకు పోశాక ఆగిపోయారు. ఇంకా పదకొండు ఆకులున్నాయి. గిన్నెలో మిగిలిన నెయ్యి ఆకుకు ఒక గరిట చొప్పున వస్తుంది. వంటింట్లో ఉన్నది ఆడవాళ్ళ బంతికి తీసిపెట్టింది.

"ఒకటి చొప్పున సర్దెయ్యవయ్యా. ఎవరు చూడొచ్చారు?" అన్నారు లక్ష్మీపతి గారు చెవిలో.

"సర్దితే రేపణ్ణించి ఈ గరిట నేను పట్టుకోకూడదండి."

లక్ష్మీపతి గారి భార్య శేషమ్మ గారు వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. "మాకని తీసిందే పట్టుకెళ్ళండి. మేం కూర్చునేలోపు వెన్న కాచుకుంటాం."

గిన్నె వచ్చేదాకా అన్నం ఆవిరి తగ్గుతూ ఉంది. నలభై రెండు మందిలో ఒక్కరూ ఆకు మీద చెయ్యి పెట్టలేదు. విస్సన్న గారు కూడా.

"చూశారా, నా పుణ్యమా అని అందరికీ రెండో గరిట వచ్చింది" అన్నారు విస్సన్న గారు.

"వచ్చిందిరా విస్సన్నా. అన్నమే చల్లారింది" అన్నారు పెళ్ళికొడుకు తాతగారు. ఆ బంతికి పెద్దాయన ఆయనే.

ఒంటిగంటా ఇరవై ఎనిమిది నిమిషాలకు చివరి ఆకు మీద నెయ్యి పడింది. తాతగారు ఔపోశనం పట్టారు.

రెండున్నరకి ఆడవాళ్ళ బంతి కూర్చుంది. ముప్పై ఎనిమిది ఆకులు. చివరి ఆకు శేషమ్మ గారిది. రెండో గరిట ఎవరూ అడగలేదు. చయనులు గారు ఆకుకు రెండేసి పోశారు.