2216 నంబరు బిళ్ళ

2023 నవంబర్ 21, మంగళవారం ఉదయం 6:20కి విల్‌ఫ్రెడ్ తన తండ్రి బిళ్ళను ఫోన్‌లో చూశాడు. అది వేలంలో ఉంది.

ఇత్తడి బిళ్ళ. మీద 2216 అని అంకెలు, పైన మేకుకు తగిలించడానికి రంధ్రం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒకప్పుడు ప్రతి మనిషికీ ఇలాంటిది ఉండేది. పొద్దున గేటు దగ్గర బోర్డు మీంచి తీసుకుంటే డ్యూటీలో ఉన్నట్టు, సాయంత్రం తిరిగి తగిలిస్తే ఇంటికి వెళ్లినట్టు. మనిషి రిటైరైతే బిళ్ళను ఆఫీసుకు అప్పగించాలి.

విల్‌ఫ్రెడ్ తండ్రి జ్ఞానప్రకాశం 1951 నుంచి 1983 వరకు 2216. ఆయన చనిపోయి ఇరవై ఆరేళ్లయింది. ఉన్న ఒక్క ఫొటోను 2008 వానల్లో చెదలు తినేశాయి. ఆయన చేతిలో తిరిగిన వస్తువు ఇంట్లో ఒక్కటీ లేదు.

విల్‌ఫ్రెడ్ వయసు అరవై తొమ్మిది. పార్సిల్ ఆఫీసులో రిటైరై, ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో కూతురు జెనీకి ఇచ్చిన రైల్వే క్వార్టరులో భార్య ఆలిస్‌తో ఉంటున్నాడు. మంగళవారం 500 పాడాడు. బుధవారానికి ఎవరో 1,400 చేశారు. విల్‌ఫ్రెడ్ 1,900 అన్నాడు. గంటలో 2,200 అయింది. వేలం ముగిసేది ఆదివారం ఉదయం 10:15కి. ఆ సమయానికి విల్‌ఫ్రెడ్ చర్చిలో ఉంటాడు. ఆ వారం వాక్యం చదివే వంతు అతనిది. అందుకని వేలం ఆపి తనకు నేరుగా అమ్మమని బుధవారం మధ్యాహ్నం అమ్మకందారుకు రాయడానికి కూర్చున్నాడు.

"ఏటండీ అది, లీవ్ లెటరా?" ఆలిస్ వెనక నుంచి చూసి అడిగింది.

"అప్లికేషన్."

"బిళ్ళ కొనడానికి అప్లికేషనేటండీ? ఎంతకిస్తావు బాబూ అని ఒక్క ముక్క రాసీండి, సాలు."

"రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్లు సేసినాను ఆలిస్. నోటితో అడిగినదేదీ శాంక్షన్ అవలేదు."

గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టాడు. విషయం రాశాడు. వేలం ఆపాల్సిన కారణాలు ఒకటి, రెండు, మూడు అని రాశాడు. చివర పేరు, హోదా, క్వార్టరు నంబరు, ఫోన్ నంబరు పెట్టాడు.

గురువారం సాయంత్రం 4:05కి ఫోన్ మోగింది. కలకత్తా నుంచి శిబనాథ్ కుండు. బిళ్ళ అమ్ముతున్నది ఆయనే. బెంగాలీలో మాట్లాడాడు.

"వేలం ఆపను దాదా. ఆపితే సైటువాళ్లు నా ఖాతా మూసేస్తారు. పైగా విడిగా అమ్మమనేవాడెవడూ ఎక్కువకు అడగడు. అది చెప్పడానికి ఫోన్ చేయలేదు. మీరు రెండో మనిషి."

"మొదటి మనిషెవరు?"

"ఆయనా అచ్చం ఇలాగే రాశాడు. విషయం, కారణాలు, కింద క్వార్టరు నంబరు. ఇరవై ఏళ్లుగా పాత సామాన్లు అమ్ముతున్నాను, నాకెవరూ దరఖాస్తు పెట్టలేదు. ఈ వారం రెండొచ్చాయి. రెండూ ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచే. ఆయన పేరు జగ్గారావు, ఫిట్టరు. మీరిద్దరూ కలిస్తే ధర పెరగదు, నష్టం నాకే. కానీ నవ్వు ఆగక చేశాను."

జగ్గారావు తెలియని మనిషి కాదు. రెండు వరసల అవతల కొడుకు రాజశేఖర్ క్వార్టరులో ఉంటాడు. చేపల బజారులో ఎదురైతే ఇద్దరూ తలలూపుకుంటారు. విల్‌ఫ్రెడ్ 4:30కి అతని గుమ్మం ముందు సైకిలు దిగాడు.

"2216 నీకెందుకు జగ్గారావూ?"

"నాకెందుకేటన్నా? 84లో సేరినప్పుడు ఇచ్చినారు. కార్డు మెషీన్ వచ్చీదాకా, ముప్పై ఏళ్లు అది నా నంబరు. తరవాత బిళ్ళలన్నీ తుక్కుకి అమ్మీసినారు. నీకెందుకు? నువ్వు పార్సిలాఫీసోడివి కదా."

"నీకన్నా ముందు అది మా నాన్న నంబరు."

జగ్గారావు కుర్చీ జరిపాడు. విల్‌ఫ్రెడ్ కూర్చున్నాడు.

"అయితే ధర పెంచుతున్నది నువ్వా?" అన్నాడు జగ్గారావు. "ఎవడో కలకత్తా సేటనుకుని రెండ్రోజులు తిట్టినాను."

"నానూ తిట్టినాను."

"ఏటని?"

"సర్చి మనిషిని. సెప్పను."

టీ వచ్చింది. సగం తాగాక జగ్గారావు అడిగాడు.

"దాని ఎనక అంచుకి ఒక గాటుంటాది, తెలుసా? ఫొటోలో కనబడదు. సలికాలం పొద్దున బోర్డు కాడ ఏం కనబడీది కాదు. బొటనేలు గాటు మీద పడితే నాదని తెలిసీది. ఎవుడు పెట్టినాడో గానీ ముప్పై ఏళ్లు దండం పెట్టుకున్నాను."

"మా నాన్నే. ఆకురాయితో పెట్టినాడు. ఆయనకి కుడికన్ను సరిగ్గా ఆనీది కాదు. ఆఫీసోళ్లకి తెలిస్తే డ్యూటీ మార్చీస్తారని ఎవరికీ సెప్పలేదు."

జగ్గారావు గ్లాసు కింద పెట్టాడు.

అప్పటికి పై పాట జగ్గారావుదే, 2,200. ఇక తాను పాడనని విల్‌ఫ్రెడ్ చెప్పాడు. అయితే ఆదివారం చివరి నిమిషంలో ఇంకెవరైనా వస్తే ఎలా అన్నది తేలలేదు. జగ్గారావు ఏళ్ల తరబడి గాలి సుత్తి పట్టిన మనిషి. చేయి వణుకుతుంది. ఫోన్ మీద ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడుతుంది. వేలం ఆపమని అతను రాసిన కారణాల్లో మొదటిది అదే. ఇప్పటిదాకా పాట నొక్కిపెట్టిన రాజశేఖర్‌కు ఆదివారం పొద్దున డ్యూటీ, జెనీకీ డ్యూటీ.

ఇంటికొచ్చి విల్‌ఫ్రెడ్ ఇదంతా చెప్పాడు.

"నానెల్లి ఒత్తుతాను," అంది ఆలిస్. "పెళ్లయినాక ఆరాధన మానడం ఇదే మొదటిసారి. పాస్టరుగారికి మీరే సెప్పుకోండి. ఇంతకీ వచ్చినాక అది ఎవరింట్లో ఉంటాదండీ?"

"అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"ముప్పై ఏళ్లు అతని సేతిలో ఉన్నాది. ఏటని అడుగుతాను?"

ఆదివారం 10:13కి మూడో మనిషి 2,900 పాడాడు. జగ్గారావు వేలు పాట మీద కాక, నచ్చిందని నొక్కే గుండె బొమ్మ మీద పడింది. రెండోసారి మళ్లీ దాని మీదే పడింది. ఆలిస్ ఫోన్ లాక్కుని 3,150 నొక్కింది. 10:15కి వేలం ముగిసింది.

చర్చి 11:40కి వదిలింది. గేటు బయట జగ్గారావు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఆలిస్ ఉంది.

"వచ్చిందా?" అని విల్‌ఫ్రెడ్ అడిగాడు.

"మా అక్క ఒత్తింది, వచ్చింది," అన్నాడు జగ్గారావు. "అన్నా, మీ గుమ్మం పక్క గోడకి మేకుందా?"

"మేకేటి?"

"బిళ్ళంటే బోర్డుకే ఉండాల. ఇంటికి తీసుకుపోడం ఎప్పుడూ లేదు. బోర్డు మీ ఇంట్లో పెట్టు. పొద్దున వచ్చి తీసుకుంటాను, సాయంత్రం తగిలించీస్తాను."

"ఆదివారం?"

"ఆదివారం సెలవు."

"లేటుగా వస్తే?" అంది ఆలిస్.

"హాఫ్ డే కట్ సెయ్యక్కా."

విల్‌ఫ్రెడ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సగం డబ్బు తనదన్నాడు. జగ్గారావు ఒప్పుకున్నాడు.

పార్సిల్ 30వ తేదీ గురువారం మధ్యాహ్నం 2:20కి జగ్గారావు ఇంటికి వచ్చింది. అతను విప్పకుండానే విల్‌ఫ్రెడ్ ఇంటికి తెచ్చాడు. విల్‌ఫ్రెడ్ విప్పాడు. అంచు మీద గాటు ఉంది. దాని మీద బొటనవేలు ఆనించాడు. తర్వాత గుమ్మం పక్కన మేకు కొట్టి బిళ్ళను తగిలించాడు.

శుక్రవారం ఉదయం 7:10కి జగ్గారావు వచ్చి బిళ్ళ తీసుకున్నాడు. సాయంత్రం 4:55కి తిరిగి మేకుకు తగిలించాడు.