ఒక గుమ్మడికాయను మూడుసార్లు కొన్నాను

జకరయ్య నన్ను మోసం చేశాడని నేను అనను. ఆయన చేసిందంతా మా చర్చిలో, సంఘమంతా చూస్తుండగా, పద్ధతి ప్రకారమే చేశాడు. అందుకే ఇన్నేళ్లయినా నా కడుపుమంట చల్లారలేదు. దొంగతనం చేసినవాడి మీద స్టేషనులో కేసు పెట్టవచ్చు. నోరు మూసుకొని కూర్చున్నవాడి మీద ఏమని పెడతాం?

మా ఊరు శిరివెళ్లకు దగ్గర. ఆరో తరగతిలో బడి మానేసి ఆళ్లగడ్డలో విగ్రహాలు చేసే షెడ్లలో పనికి చేరాను. చెక్కేది శిల్పులు. వాళ్లు చెక్కినదాన్ని మిషనుతో అరగదీసి నునుపు చేసేది మాలాంటి కూలీలు. ఆదివారం చర్చికి పోతూ, మిగతా ఆరు రోజులూ ఊరూరి దేవుళ్ల బుగ్గలు నున్నగా చేశాను. రాతిపిండి మాత్రం దేవుళ్లకు అంటలేదు, నా ఊపిరితిత్తుల్లోకి పోయింది. నలభై దాటేసరికి బస్సు మెట్టు ఎక్కినా ఆయాసమే.

మా చెల్లెలు లూదియా కూతురు షాలిని. తండ్రి లేని పిల్ల. నంద్యాలలో నర్సింగు చదివేది. 2004లో ఒకరోజు ఇంటికొచ్చి పోటీ సంగతి చెప్పింది. విదేశీ ట్రస్టు ఒకటి నర్సింగు, ఫిజియోథెరపీ చదివే పిల్లలకు ఆ పోటీ పెట్టింది. తమ ఊళ్లో ఉన్న ఒక జబ్బు గురించి, దానికి ఏం నేర్చుకోవాలో చెప్పి ఒప్పించినవాళ్లను రెండు నెలలు వేల్సులో ఒక ఆసుపత్రికి పంపుతారు. అక్కడ బొగ్గు గనుల్లో పనిచేసి ముసలివాళ్లయిన వాళ్లకు ఒంటి నిండా ఊపిరి ఎలా తీసుకోవాలో నర్సులే నేర్పుతారట.

"మామా, నేను నీ దగ్గు గురించి చెప్తా," అంది.

"దాని గురించి నువ్వు చెప్పేదేముండాది? నీకంటే గట్టిగా అదే చెప్పుకుంటాది."

"నగబాకు. నువ్వు గూడా నంద్యాలకు రావల్ల. వాళ్లు నిన్ను చూడల్ల."

"నన్నేమన్నా సంతలో ఎద్దనుకుంటివా, పండ్లు పట్టి చూసేకి?"

ఎద్దులాగే వెళ్లాను. పెద్ద హాలు. బల్ల వెనక ముగ్గురు, అందులో ఒక దొరసాని. నా ముందు కొవ్వొత్తి వెలిగించి, చెయ్యి చాచినంత దూరం నుంచి ఊదమన్నారు. ఊదాను. మంట ఒక పక్కకు ఒరిగి మళ్లీ లేచింది. మళ్లీ ఊదాను. మళ్లీ లేచింది. హాల్లో ఉన్న చదువుకున్న పిల్లలందరూ నన్ను చూడకుండా ఆ మంటనే చూశారు. సిగ్గుతో చచ్చాను.

షాలిని మాత్రం తల దించలేదు. ఇంగ్లీషులో చెప్పి, నాకు అర్థం కావాలని తెలుగులోనూ చెప్పింది. "ఈయన మా మామ. ఆళ్లగడ్డ షెడ్లలో ఇట్లాంటోళ్లు చానామంది ఉండారు. డాక్టర్లు మందులిచ్చి పంపిస్తాండారు. మిగిలిన ఊపిరితో ఎట్లా బతకల్లో ఎవరూ నేర్పలేదు. నేను అది నేర్చుకొని వస్తా."

మొదటి స్థానం దానికే వచ్చింది. రెండోది అజయ్ కుమార్‌కు. వాడు ఫిజియోథెరపీ చదివే కుర్రాడు. జకరయ్య కొడుకు.

జకరయ్య మా సంఘ పెద్ద, కోశాధికారి కూడా. కాలువ కింద భూమి ఎక్కువగా ఆయనదే. మా సంఘంలో సగంమంది ఆయన పొలంలోనే కూలికి పోతారు.

ట్రస్టు వాళ్లది ఒక మెలిక ఉంది. టిక్కెట్టు, అక్కడి తిండి, బస వాళ్లు పెట్టుకుంటారు. మిగతా యాభై వేలు పిల్ల సొంత ఊరు పెట్టాలి. ఇంట్లోవాళ్లు పెడితే చెల్లదు. పిల్ల వెనక ఊరు నిలబడిందా లేదా అన్నది వాళ్లకు కావాలి. మాకు ఊరంటే సంఘమే. డిసెంబరు ఆఖరుకు సంఘం రసీదు చేరకపోతే అవకాశం రెండో స్థానానికి పోతుంది.

ఈ మాట చెప్పగానే పాస్టరు అయ్యగారు నవంబరులో వచ్చే కోత పండుగ మీద ఆశ పెట్టుకున్నారు. ఆ రోజు ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. పాడినవాడు క్రిస్మస్ లోపల డబ్బు కట్టాలి. పాడినదాన్ని తిరిగి దేవునికి ఇచ్చేస్తే మళ్లీ వేలం వేస్తారు. అన్నిటికంటే చివర పెద్ద గుమ్మడికాయ. అది ఎప్పుడూ జకరయ్య ఇంటికే. ఆయన పాడాక ఎవరూ పై పాట పాడరు. రేపు కూలికి పిలవకపోతే ఎట్లా అని భయం. ఈసారి గుమ్మడికాయ మీద వచ్చినదంతా షాలినికేనని అయ్యగారు ప్రకటించారు.

జకరయ్యే లేచి, "మన పిల్లకు పెట్టకపోతే ఎవరికి పెడతామప్పా!" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు.

వేలం రోజు ఆయన మొదటి పాట పాడాడు. "ఐదొందలు."

పాడి, కుర్చీలోనే వెనక్కి తిరిగి సంఘాన్నంతా ఒకసారి చూశాడు. ఒక్క మాట అనలేదు. మగవాళ్లు నేల చూశారు. ఆడవాళ్లు కొంగు సర్దుకున్నారు. అయ్యగారు ఒకటోసారి అన్నారు. రెండోసారి అన్నారు. ముందు వరసలో షాలిని వేళ్లు నలుపుకుంటోంది.

"వెయ్యి," అన్నాను.

జకరయ్య నవ్వాడు. "ఏంది దానియేలూ, పులుసు పెట్టుకునేకి వెయ్యి రూపాయల కాయా?"

"పులుసుకు కాదన్నా. ఊరికే దగ్గర పెట్టుకొని చూసేకి."

రెండు వేలన్నాడు. మూడన్నాను. నాలుగన్నాడు. ఐదన్నాను. ఆయనను ఇరవై వరకు లాక్కుపోదామని నా లెక్క. ఆయన చేతులు కట్టుకున్నాడు.

"తీసుకో నాయనా. దేవుడు నీకే ఇచ్చినాడు."

కాయ నా చేతుల్లో పెట్టారు. తీసుకుపోయి బలిపీఠం ముందే మళ్లీ పెట్టాను. "దేవునికే ఇస్తాండా. మళ్లీ పాడండి."

ఈసారి ఎవరూ పాడలేదు. జకరయ్య కూడా. వెయ్యి దగ్గర మొదలుపెట్టిన అయ్యగారికి చెమటలు పట్టాయి. ఎవరైనా ఒక్కరు పాడతారేమోనని నేను చుట్టూ చూశాను. నా పెండ్లిలో భోజనం చేసినవాళ్లు, వాళ్ల ఇంట్లో చావైతే నేను గుంత తవ్వినవాళ్లు.

"పదైదు వేలు," అన్నాను.

"దానియేలూ, పోటీకి ఎవరూ లేరు కదయ్యా," అన్నారు అయ్యగారు మెల్లగా. "వెయ్యికే నీకు వస్తుంది."

"రానీయండి. నాకు పదైదు వేలకే గావల్ల."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కాయ ఎత్తి మళ్లీ పీఠం ముందు పెట్టాను. మూడోసారి కూడా అయ్యగారు వెయ్యి దగ్గరే మొదలుపెట్టారు. అప్పుడు ఆడవాళ్ల వైపు చివర నుంచి ఒక గొంతు.

"యాభై రూపాయలు."

సువార్తమ్మ. జకరయ్య పొలంలో నాట్లు వేసే ముసలామె. ఆ మాటకు చర్చి గొల్లున నవ్వింది. జకరయ్య తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ కూర్చోలేదు. ఆ వారం కోతలకు ఆమెకు పిలుపు రాలేదు.

నేను లేచి ముప్పై వేలు అనబోయాను. ముప్పై అన్నాక ఊపిరి ఆడలేదు. బెంచీ పట్టుకొని, దగ్గి, "వేలు" అన్నాను. ఐదు, పదైదు, ముప్పై. యాభై వేలూ నిండాయి, వేలం అయిపోయింది. కాయలో సగం సువార్తమ్మ ఇంటికి పంపాను.

రెండో సగం మా ఇంట్లో ఎవరూ తినలేదు. నా భార్య ప్రసన్నకుమారి దాన్ని చూస్తేనే ఏడ్చేది. "ఒక గుమ్మడికాయను మూడుతూర్లు కొన్నోన్ని యాడన్నా చూసినారా? పిల్లోళ్లకు ఏం పెడ్తావ్? ఊపిరి లేనోనికి రోషమెందుకు?"

రోషం కాదని చెప్పాను. అప్పుడు నాకూ నమ్మకం లేదు.

కాలువ కింద మా నాయన ఇచ్చిన ముక్క ఒకటి ఉండేది. రెండు కార్లు వరి పండేది. అమ్ముతానంటే ఎవరూ రాలేదు. దాని గట్టు జకరయ్య గట్టు ఒకటే కాబట్టి ఆయనకు కావాలని అందరికీ తెలుసు. డెబ్బై వేలు పలికే భూమిని ఆయన యాభై రెండుకు అడిగాడు. క్రిస్మస్ వారమే ఉంది. వేలిముద్ర వేయలేదు, సంతకమే పెట్టాను, ఆ మాత్రం చదువు ఉంది. ఆయన ఇచ్చిన నోట్ల కట్ట ఒక్క రాత్రి మా ఇంట్లో ఉంది. తెల్లారి అదే కట్టలో యాభై వేలు కోశాధికారి జకరయ్యకే కట్టాను. ఆయన లెక్కపెట్టుకోలేదు కూడా. నిన్ననే లెక్కపెట్టాడు కదా.

జనవరిలో చర్చిలో సాగనంపే కూటం పెట్టారు. జకరయ్య షాలినికి శాలువా కప్పి, "మన సంఘం బిడ్డను మన సంఘమే పంపిస్తాంది," అన్నాడు. చప్పట్లు. షాలిని మైకు వైపు అడుగు వేసింది. దాని మొహం చూసి ఏం చెప్పబోతోందో తెలిసింది. చెయ్యి పట్టుకొని ఆపాను.

"గమ్మునుండు. ఇంటి దుడ్లని తెలిస్తే చెల్లదు. నువ్వు నోరు తెరిస్తే నీ బదులు అజయ్ పోతాడు."

"మామా, ఆయప్ప ఒక్క రూపాయి ఇయ్యలేదు గదా!"

"ఇయ్యలేదు. నువ్వు పో."

అట్లా నా నోరు నేనే మూసుకున్నాను. ఇప్పుడైతే ఎవరు విన్నా నష్టం లేదు.

షాలిని పోయింది, రెండు నెలలకు తిరిగొచ్చింది. చాక్లెట్లు తెచ్చింది. ఒక కొవ్వొత్తి కూడా వెలిగించి నా ముందు పెట్టింది. నాకు నంద్యాల హాలు గుర్తొచ్చి మొహం తిప్పుకున్నాను.

"ఆర్పబాకు మామా. ఆర్పేకి కాదు. పెదాలు సన్నగా పెట్టి, మంట ఒరిగేంత మాత్రం మెల్లగా ఊదు. ఎంతసేపు ఒరిగిచ్చగలవో ఒరిగిచ్చు."

ఒరిగించాను. నేను సిగ్గుపడిన పనినే అది నాకు వైద్యంగా తెచ్చింది. ఇప్పుడు ఆయాసం వస్తే ఎదురుగా మంట ఉన్నట్టు అట్లాగే ఊదుతాను. రాతిపిండి పోలేదు, పోదు. మెట్లు మాత్రం ఎక్కుతున్నాను. నంద్యాలలో డ్యూటీ లేని రోజుల్లో షాలిని ఆళ్లగడ్డ షెడ్లకు వచ్చి కూలీలను వరసగా కూర్చోబెట్టి ఊదిస్తుంది. రోషం కాదని భార్యకు చెప్పిన మాట వాళ్లను చూసినప్పుడు నేనే నమ్ముతాను.

ఊరికి వచ్చే దారిలో బస్సు కాలువ పక్కనే పోతుంది. అప్పుడు మాత్రం నమ్మను. జకరయ్య మధ్య గట్టు తీసేశాడు. నాది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయేదో ఇంకొకరికి తెలియదు. నాకు తెలుసు. మోటారు కొట్టం దగ్గర నుంచి తూము దాకా, ఎనభై ఆరు సెంట్లు.