మక్కు పెట్టేవారు

కొండపల్లి బొమ్మల పనివాళ్ళ సంఘం గుర్తింపు కార్డుల యాప్‌లో వృత్తుల ఎనమ్ రాసింది నేనే. ఎనమ్ అంటే ముందే రాసి తలుపేసేసిన జాబితా. అందులో లేని మనిషి ప్రోగ్రాముకి లోకంలోనే లేనట్టు. సంఘం వాళ్ళిచ్చిన మూడు పేర్లూ ఉన్నవి ఉన్నట్టు దించేశాను: చెక్కేవారు, రంగులేసేవారు, సహాయకులు.

యాప్ పరీక్షించడానికి కొండపల్లి వెళ్ళినరోజు సంపూర్ణమ్మ గారి దగ్గర ఆగిపోయాను. ముప్పై అయిదేళ్ళుగా ఆవిడ పని మక్కు పెట్టడం. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ఆ ముద్దతోనే బొమ్మ ముక్కలన్నీ అతుక్కుంటాయి.

“సహాయకులు అని పెట్టనా మామ్మగారూ?”

“ఎవరికమ్మాయ్ సహాయం? నా మక్కు లేకపోతే మా ఆయన చెక్కిన అంబారీ ఏనుక్కి తొండం ఎట్టా నిలబడుద్ది?”

సహాయకులకు విడిగా కార్డు లేదు. భర్త కార్డు వెనక పేరుంటుంది, అంతే. “వెనకాలైతే నాకొద్దు,” అని ఆవిడ ఫొటోకే కూర్చోలేదు. నాకు సిగ్గేసింది. ఆ జాబితా టైపు చేసిన వేళ్ళు నావే మరి.

మర్నాడు బెజవాడ ఆఫీసులో నాలుగో పేరు చేర్చాను: మక్కు పెట్టేవారు. వెంటనే పదకొండు చోట్ల ఎర్రర్లు. కార్డు ముద్రణలో, బీమా ఫారంలో, అన్నిచోట్లా కంప్యూటర్ ఒకటే అడుగుతోంది: ఈవిడొస్తే ఏం చెయ్యమంటావ్?

టీమ్ లీడ్ సిద్ధార్థ గారు తొంగిచూశారు. “బ్లెస్సీ, ఆ లిస్టు మీద సంఘం ప్రెసిడెంటు గారు సంతకం పెట్టేశారు కదమ్మా. డిఫాల్ట్ అని ఒక్క లైను రాసెయ్. లిస్టులో లేనోళ్ళంతా సహాయకుల్లో పడిపోతారు, ఎర్రర్లూ పోతాయి.”

“వాటితోపాటు ఆవిడా మాయమైపోతారండీ. నేను రాయను.”

“అయితే డెమోలో నువ్వే చెప్పుకో.”

“చెప్పుకుంటానండీ.”

పదకొండు చోట్లా ఆవిడ కోసం విడిగా రాశాను. పంతం కొద్దీ రాశాను.

శుక్రవారం సంఘం హాల్లో డెమో. ప్రెసిడెంటు గారు మొహం చిట్లించారు. “మేమివ్వని పేరు ఎట్టా వచ్చింది? తీసెయ్యండి.”

“తీసి చూడండి సార్,” అని ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను.

పక్కనే ఉన్న సిద్ధార్థ గారే జాబితాలోంచి ఆ పేరు చెరిపారు. ఆవిడ కోసం నేను రాసిన పదకొండు చోట్లా మళ్ళీ ఎర్రర్లు. యాప్ అసలు తెరుచుకోనే లేదు.

వెనక వరసలోంచి సంపూర్ణమ్మ గారు లేచారు. “ఏం ప్రెసిడెంటు గారూ, తొండం ఊడిందా?”

హాల్లో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆయన ల్యాప్‌టాప్ మళ్ళీ నా వైపు తిప్పారు. “సరే, మళ్ళీ అతికించండమ్మా,” అన్నారు.

అతికించాను. ఆవిడ పమిట సర్దుకుని వచ్చి కెమెరా ముందు కూర్చున్నారు.

“ఇప్పుడు తియ్యి.”